సుద్దముక్కతో రాసిన ‘బ్రేక్ ఓకే’

నా చేతిరాతే నన్ను మోసం చేసిన రోజు ఒకటుంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఆ సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నవ్వుతారేమోనని ఆగాను. ఇప్పుడు నవ్వినా ఫరవాలేదనిపిస్తోంది. నవ్వండి, కానీ చివరిదాకా వినండి.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక బస్సు డిపోలో బ్రేకుల సెక్షన్లో పనిచేశాను. ఇంజను మెకానిక్కుకు ఉన్న దర్జా బ్రేకు మెకానిక్కుకు ఉండదు. ఇంజను బాగుచేస్తే బండి గుర్రుమంటుంది, నలుగురూ వచ్చి చూస్తారు, ఎవరో ఒకరు చాయ్ తెప్పిస్తారు. బ్రేకు బాగుచేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకుండా చూడటమే మా పని. జరగనిదానికి చాయ్ ఎవడు తెప్పిస్తాడు?

అందుకే కాబోలు, నాకో అలవాటు పట్టుకుంది. బ్రేకులు సెట్ చేశాక కుడివైపు ముందు మడ్‌గార్డు మీద సుద్దముక్కతో ‘బ్రేక్ ఓకే’ అని రాసి కింద ఒక తోకగీత లాగేవాణ్ణి. ఆ రాత లేని బస్సును మా డ్రైవర్లు గేటు దాటించేవారు కాదు. మేనేజరు మాట కాదన్నవాళ్ళున్నారు గానీ నా సుద్దరాతను కాదన్నవాడు లేడు. మా డిపోలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. బ్రేకులు విప్పి పెట్టిన బస్సుకు స్టీరింగు మీద ఎర్రగుడ్డ కట్టాలి. దాన్ని చూస్తే పిల్లి కూడా ఆ బస్సెక్కదు అనుకునేవాళ్ళం. ఈ ఎర్రగుడ్డను గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను, మీరు మర్చిపోవద్దు.

రిటైరై ఎర్రగడ్డలో ఇంటిపట్టున ఉన్న రోజులవి. ఇంట్లో ఏ తలుపు కిర్రుమన్నా నూనెసీసాతో తయారయ్యేవాణ్ణి. “కొన్ని తలుపులను అరవనివ్వండి, ఇంట్లో నాకు తోడుంటాయి” అని మా ఆవిడ మొత్తుకునేది. సరిగ్గా అప్పుడు ఫిల్మ్‌నగర్ నుంచి ఫోను వచ్చింది. ఒక సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరట. నా గురించి ఎవరో డ్రైవరు చెప్పాడట.

“గురువుగారూ, పాత లారీ ఒకటుందండీ. చూడ్డానికి బంగారం. ఒకటే ఇబ్బంది, ఆగదు” అన్నాడాయన.

“ఎప్పటినుంచి ఆగతలేదు?” అన్నాను.

“అది నడిచినప్పుడు కదండీ ఆగడం గురించి తెలిసేది!”

మర్నాడే వెళ్ళాను. షేక్‌పేట వైపు దిగే వాలులో, గుట్టను ఆనుకుని సెట్టు వేశారు. ఒక ఊరి వీధి, దానికి పైన ఏటవాలు మట్టిరోడ్డు, రోడ్డు దిగువ చివర ఒక పక్కన పెద్ద నల్లరాతి బండ, రెండో పక్కన ఇంకో నల్లరాతి బండ. రేకుల షెడ్డు కింద లారీలు నిలబడి ఉన్నాయి. ఒకటి కాదు, రెండు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన, నా కన్నా వయసులో పెద్దవైన లారీలు. రంగు ఒకటే, నంబరు ఒకటే, ఎడం తలుపు మీద సొట్ట కూడా ఒక్కచోటే ఉంది.

మేనేజరు వివరించాడు. ఒకటి నడిచే బండి. రెండోది పగలగొట్టడానికి తెచ్చిన బండి, అందులో ఇంజను కూడా లేదు. కథలో ఎక్కడో అది గోడను గుద్దుకోవాలి. చూసేవాళ్ళకు రెండూ ఒకటే అనిపించాలి కాబట్టి ఆర్ట్ డిపార్టుమెంటువాళ్ళు కవలపిల్లల్లా తయారుచేశారు.

ఆ కవలలకు తల్లి ఒక పెయింటరమ్మ. నలభై ఏళ్ళు ఉంటాయి, గోదావరి జిల్లా మనిషి, కృష్ణానగర్‌లో కాపురం. కొత్తవాటిని పాతవాటిలా చేయడం ఆవిడ వృత్తి. పాతవాటిని కొత్తవాటిలా పనిచేయించడం నా వృత్తి. ఇద్దరికీ మొదటిరోజే పడలేదు. నేను వెళ్ళగానే గరుకు కాగితం తీసుకుని లారీ మడ్‌గార్డు మీది తుప్పు అరగంటసేపు గీకాను. వెనకనుంచి కేక వినిపించింది.

“అయ్యయ్యో! ఏం చేస్తున్నారండీ?”

“తుప్పు తీస్తున్ననమ్మా.”

“అది తుప్పు కాదండీ! పెయింటు! రెండ్రోజులు కూర్చుని వేశాను!”

తల కొట్టేసినంత పనయింది. జీవితమంతా తుప్పుతో గడిపినవాణ్ణి, తుప్పును గుర్తుపట్టలేకపోయాను. మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పుకుని ఒక బండకు వీపు ఆనించి కూర్చుంటే, బండ మెత్తగా లోపలికి పోయింది. అదీ ఆవిడదే. రెండు నల్లరాతి బండల్లో ఒకటి దేవుడు చేసింది, ఒకటి థర్మోకోల్‌తో ఆవిడ చేసింది. లోపల డొల్ల. ఫైట్లవాళ్ళు కిందకు దూకేటప్పుడు వేసుకునే ఖాళీ అట్టపెట్టెలు వాన తగలకుండా అందులో దాచారు. ఏది ఎవరు చేసిందో నా వీపుకు తెలిసింది గానీ కంటికి తెలియలేదు.

ఇక పని. పిల్లలూ, పాత లారీ బ్రేకులంటే వైద్యం కాదు, సంసారం. నాలుగు చక్రాలూ ఒక్క మాట మీద ఉండాలి. ఒక చక్రం ముందు పట్టి ఇంకోటి తర్వాత పడితే బండి పక్కకు లాగేస్తుంది. నడిచే బండిలో రబ్బర్లన్నీ బిగుసుకుపోయాయి, రెండు చక్రాల దగ్గర సిలిండర్లు అరిగిపోయాయి. ఈ కాలంలో వీటికి సామాను ఎక్కడ దొరుకుతుంది? పక్కనే కవల ఉంది కదా. దాని బ్రేకులన్నీ ఊడదీసి ఇందులో బిగించాను. హ్యాండు బ్రేకు తీగతో సహా లాక్కొచ్చాను. ఎలాగూ చచ్చే బండి, దానికి బ్రేకులెందుకు అనుకున్నాను. ఎర్రగుడ్డ కట్టాలన్న ఆలోచన వచ్చింది. ‘ఇంజనే లేని బండిని ఎవడు నడుపుతాడులే’ అనుకుని ఊరుకున్నాను. ముప్ఫై ఏళ్ళలో ఎర్రగుడ్డ కట్టకపోవడం అదే మొదటిసారి.

పెడలు తొక్కడానికి నాకు తోడుగా వచ్చినవాడు షేక్‌పేట డ్రైవరు. ఫోనులో నా పేరు చెప్పింది కూడా అతనే. ఒకప్పుడు మా డిపోలోనే చేసి, తర్వాత సినిమాల్లో హీరోలకు బదులు బండ్లు నడుపుతున్నాడు. యాభై దాటినా హీరో చొక్కా వేస్తే వెనకనుంచి హీరోలాగే ఉంటాడు. గొట్టాల్లో గాలి ఉంటే బ్రేకు పట్టదు. అందుకని అతను పైన తొక్కి పట్టుకుంటే, నేను కింద పడుకుని చక్రం దగ్గర మర వదులు చేసి గాలి బయటకు పంపాలి. “తొక్కు”, “పట్టు”, “వదులు” అంటూ మూడు రోజులు గడిచాయి.

“ఉస్తాద్, మా ఇంటామె గూడ నాకు గిన్ని ఆర్డర్లు ఎయ్యది” అనేవాడు పైనుంచి.

అతనికో అలవాటుంది. ఏ బండి ఎక్కినా కదిలించే ముందు మూడుసార్లు పెడలు తొక్కి చూస్తాడు. మొదటిది బండికి సలాం, రెండోది ఇంట్లో భార్యాపిల్లలకు, మూడోది తనకు అంటాడు.

మూడో రోజు మధ్యాహ్నం లారీని అదే వాలులో దింపి చూశాం. ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగింది. అటూ ఇటూ లాగలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి, పెయింటరమ్మ తుప్పు మీదే ‘బ్రేక్ ఓకే’ అని రాశాను. తోకగీత లాగుతుంటే సుద్ద విరిగి గీత మధ్యలో తెగింది. తెగినచోటు నుంచి మళ్ళీ లాగాను. గర్వంగా ఇంటికి వెళ్ళాను. ఆ రాతకు అర్థమేమిటో అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. లోకమంతా మా డిపోయే అనుకున్నాను.

షూటింగు రోజు వచ్చింది. ఆ సీనులో తల్లి రోడ్డుకు అడ్డంగా చేతులు చాచి నిలబడాలి. కొడుకు లారీ పైనుంచి దిగుతూ వచ్చి ఆమెకు మూరెడు దూరంలో ఆగాలి. మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తున్నారు. అందుకని ఇంజను చప్పుడు వద్దని, లారీని ట్రాక్టరుతో పైకి లాగి వాలులో వదిలేయమన్నారు డైరెక్టరుగారు. తల్లి వేషం వేసే అమ్మగారికి డెబ్బై ఏళ్ళు పైనే. ఎంతమంది హీరోలను కన్నదో ఆవిడకే లెక్క తెలియదు. డూపును పెడతామంటే ఒప్పుకోలేదు.

“నా కొడుకు బండి ముందు ఎవత్తో నిలబడ్డమేంటి?” అంది. తర్వాత లారీ వైపు ఒకసారి చూసి, “ఇంతకీ దీనికి బ్రేకులు వేసిన మహానుభావుడెవరు?” అంది.

మేనేజరు నన్ను ముందుకు తోశాడు.

“ఏవయ్యా, గట్టిగా వేశావా?”

“గ్యారంటీ, అమ్మగారూ.”

“అయితే రిహార్సల్‌కి నా చోట్లో నువ్వు నిలబడు. నీకేం కాకపోతే అప్పుడు నేను నిలబడతాను.”

యూనిట్ అంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నా పనికి ఇంతకన్నా సన్మానం ఏముంటుంది? భుజం మీద తువ్వాలు సర్దుకుని వెళ్ళి, రోడ్డు మీద గుర్తు పెట్టినచోట చేతులు చాచి నిలబడ్డాను. ఎవరో ఫోనులో ఫొటో కూడా తీశారు. అమ్మగారు రెండడుగుల పక్కన కుర్చీలో కూర్చుంది.

పైన డ్రైవరు హీరో చొక్కా వేసుకుని లారీ ఎక్కాడు. చక్రాల కింద రాళ్ళు తీశారు. లారీ కదిలింది.

పిల్లలూ, ఇంజను బరువుకు లారీ ముక్కు కాస్త కిందకు వంగి ఉంటుంది. ఆ వచ్చే లారీ ముక్కు పైకెత్తుకుని వస్తోంది, అత్తారింటికి వస్తున్న కొత్త అల్లుడిలా. ‘ఇదేంటి, ఇంత తేలిగ్గా వస్తోంది’ అనుకున్నాను. మరుక్షణం అర్థమైంది. అది కవల. నా చేతులతో నేనే బ్రేకులు ఊడదీసిన బండి.

పై ప్రాణాలు పైనే పోయాయి. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, “ఉస్తాద్! జరుగున్రి! పెడల్ లే! పెడల్ కిందికి వోయింది!” అని అరుస్తున్నాడు.

అతను ఆపాలంటే దేన్నో ఒకదాన్ని గుద్దాలి. ముందు నేను, నా వెనక వీధినిండా యూనిట్. అటు ఒక నల్లరాతి బండ, ఇటు ఒక నల్లరాతి బండ. ఒకటి మెత్తనిది, ఒకటి చావు. పైనుంచి వచ్చేవాడికి రెండూ ఒకటే.

“ఏ బండ? ఏ బండ?” అని అరిచాడు.

“ఎడమది!” అన్నారెవరో. “ఎవరి ఎడమ?” అన్నారింకెవరో. “నా ఎడమ కాదు, ఆయన ఎడమ!” అని మేనేజరు తన కుడిచెయ్యి చూపిస్తున్నాడు.

అప్పుడు పెయింటరమ్మ పరుగెత్తింది. చేతిలో ఎర్రరంగు డబ్బా ఉంది. తను వారంపాటు కూర్చుని నాచు, పగుళ్ళు, పిట్టల రెట్టలతో సహా వేసిన బండ మీదికి ఆ డబ్బా మొత్తం విసిరికొట్టింది. నల్లబండ మీద ఎర్రరంగు భగ్గుమంది.

ఆవిడ చేసిన బండ అదేనని డ్రైవరు పట్టేసి స్టీరింగు అటు తిప్పాడు. అదే క్షణంలో ఎవరో నా మెడలో తువ్వాలు పట్టుకుని ఒక్క లాగు లాగారు. కిందపడ్డాను. లారీ గాలి నా చెవికి తగిలింది. ధబ్‌మని పెద్ద చప్పుడు, వెంటనే అట్టపెట్టెలు నలిగిన చప్పుడు. ఆకాశంలోంచి తెల్లటి థర్మోకోల్ గింజలు మరమరాల్లా అందరి నెత్తినా రాలుతున్నాయి.

“చేతులు చాచుకుని నిలబడ్డం నా వేషం రా! నీకెందుకు అంత లీనమైపోవడం!” అంటోంది నా తువ్వాలు పట్టుకున్న అమ్మగారు.

అట్టపెట్టెల్లోంచి డ్రైవరు బయటకు వచ్చాడు. మీసాలనిండా తెల్లగింజలు. మోచెయ్యి గీరుకుంది, అంతే. నేరుగా నా దగ్గరకు వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా తప్పులేదనుకున్నాను. అతను కొట్టలేదు.

“ఉస్తాద్, మీ రాత జూసి తొక్కలే” అన్నాడు. “ఉస్తాద్ రాసిండు గదా అని ఒక్కసారి గూడ తొక్కలే.”

ఆ మాట తగిలినట్టు ఆ లారీ కూడా తగిలేది కాదు. లేచి బండి దగ్గరకు వెళ్ళి చూశాను. కుడి మడ్‌గార్డు మీద ‘బ్రేక్ ఓకే’. నా అక్షరాలే. నా తోకగీతే. సుద్ద విరిగినచోట తెగి మళ్ళీ మొదలైన గీతతో సహా నాదే. ఈ బండి మీద నేను రాయలేదు. కానీ రాత నాది. నాకు మతి పోయిందేమోనని నిజంగా భయపడ్డాను. నేనే ఏ పరధ్యానంలోనో రాశానేమో, వయసు మీదపడి నా బుర్రకే బ్రేకు పోయిందేమో అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అది నేను రాశానండీ” అని వెనకనుంచి వినిపించింది.

పెయింటరమ్మ. చేతులనిండా ఎర్రరంగు.

“మీరెందుకు రాసిన్రమ్మా?”

“ఆ బండి మీద ఉంది కదండీ. ఈ బండి మీద లేకపోతే రెండూ తేడాగా కనపడవా? కంటిన్యుటీ అండీ! సుద్దతో రాస్తే చెరిగిపోతుందని పెయింటుతో వేశాను. ఆ తెగిన గీత కుదరడానికే గంట పట్టింది.” చివరి మాట అనేసరికి ఆవిడకు ఏడుపు వచ్చేసింది.

పొద్దున ట్రాక్టరువాళ్ళు షెడ్డులో తమకు ముందు దొరికిన బండిని పైకి లాగారు. రాత ఉంది కాబట్టి డ్రైవరు నమ్మాడు. ఆవిడ తప్పేముంది? ఆవిడకు అది నా మాట కాదు, ఒక మరక. మరకలు కలపడం ఆవిడ పని, కలిపింది. ఎర్రగుడ్డ కట్టడం నా పని. నేను కట్టలేదు. అందరూ ఆవిడ మీద విరుచుకుపడబోతుంటే ఆ సంగతి గట్టిగానే చెప్పాను. కట్టి ఉంటే ఆవిడ రెండో బండికి కూడా అచ్చంగా అలాంటి గుడ్డే కట్టేదేమో, అది వేరే సంగతి. కనీసం ఆ రోజుకు ఏ బండీ కదిలేది కాదు.

తిండి తిన్నాక అసలు బండిని బయటకు తీశారు. దాని మీద నా రాత ఉంది, నిజంగా నాదే. ఎవరూ దాని వంక చూడలేదు. తువ్వాలుతో నేనే తుడిచేశాను. నాలుగు చక్రాలూ మళ్ళీ చూసుకున్నాను. డ్రైవరు ఎక్కాడు. పక్కన ఎవరికీ కనపడకుండా అతని కాళ్ళ దగ్గర నేను ముడుచుకు కూర్చున్నాను. అతను పెడలు తొక్కాడు, ఒకటి, రెండు, మూడు. ప్రతిసారీ గట్టిగా, రాయిలా ఆగింది. ఆ రాయి పెయింటరమ్మ చేసింది కాదు.

కింద అమ్మగారు నిలబడింది. ఈసారి ఎవర్నీ ముందు నిలబడమనలేదు. లారీ దిగింది. నాకు బయట ఏమీ కనపడదు, డ్రైవరు పాదం మాత్రమే కనపడుతోంది. ఆ పాదం దిగడం, బండి మెత్తగా ఆగడం తెలిశాయి. అమ్మగారి గొంతు వినిపించింది, ఏడుస్తూ మాటలు చెబుతోంది. కట్ అన్నాక తల ఎత్తి చూశాను. ఆవిడకూ బంపరుకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటుంది.

“ఏవయ్యా” అంది నన్ను చూసి కళ్ళు తుడుచుకుంటూ, “మూరెడన్నారు, ఇంత దూరంలో ఆపేశారేంటి? భయపడ్డారా?”

“భయపడ్డం, అమ్మగారూ” అన్నాను. డ్రైవరు కూడా తల ఊపాడు.

సినిమా విడుదలయ్యాక మా ఆవిడను తీసుకుని ఎర్రగడ్డ దగ్గరి హాలుకు వెళ్ళాను. డ్రైవరును కూడా రమ్మన్నాను. టైటిల్సులో నా పేరు లేదు, బ్రేకులవాడికి ఉండదని ముందే తెలుసు. అయితే ఒక సంగతి ఎవరూ మాకు చెప్పలేదు. ఆ రిహార్సల్‌లో కెమెరామన్ కెమెరా ఆపలేదట. నన్ను కత్తిరించేసి ఆ గుద్దుడంతా కథలో ఎక్కడో ఇరికించారు. గోడను గుద్దాల్సిన లారీ బండను గుద్దింది, ఎవరూ అడగలేదు. గుద్దబోయే ముందు లారీ కుడి మడ్‌గార్డు తెరంత పెద్దదై కనిపించింది. దాని మీద ‘బ్రేక్ ఓకే’, కింద తెగిన తోకగీత.

“అయ్యో, మీ రాత!” అని మా ఆవిడ సీట్లోంచి లేచి కేక పెట్టింది. ముందు వరసలో వాళ్ళ భుజం తట్టి మరీ చెప్పింది, “అది మా ఆయన రాతండీ, ముప్ఫై ఏళ్ళు రాశారు!” వాళ్ళు వెనక్కి తిరిగి నన్ను చూశారు. నా జీవితంలో నా పనిని చూడటానికి జనం తిరగడం అదొక్కసారే.

తెర మీది ఆ రాత నాది కాదు. దాని వెనక బ్రేకులూ లేవు. చెప్పబోయి, ఆవిడ ముఖం చూసి ఆగాను.

“ఆఁ, నాదే” అన్నాను.

చీకట్లో పక్కసీటు కింద టక్ టక్ టక్ మని చప్పుడైంది. చూస్తే డ్రైవరు కుడికాలు హాలు నేలను అదుముకుని ఉంది.

“ఈసారి మూడుసార్లు తొక్కిన, ఉస్తాద్” అన్నాడు.